తీగలకు కొదవ లేని పేట

మా పేట పేరులోనే తీగ ఉంది. నిజాం కాలంలో ఇక్కడొక పెద్ద తోట, దాని చుట్టూ ముళ్లతీగ కంచె, కంచె పక్కన కాపలా నాకా ఉండేవని, తార్ ఉన్న నాకా కనుక తార్నాక అయిందని పెద్దవాళ్లు చెబుతారు. తోట పోయింది, కంచె పోయింది, నాకా కూడా పోయింది. తీగ మాత్రం వంశం నిలబెట్టుకుంది. మా వీధి మలుపులో ఉన్న స్తంభాన్ని చూస్తే ఆ మాట ఎవరికైనా అర్థమవుతుంది. పై వరస కరెంటుది. దాని కింద కేబుల్ టీవీది. ఆ కింద ముగ్గురు నలుగురు ఇంటర్నెట్ వాళ్లవి. అన్నిటికన్నా కింద, ఎప్పుడో దుకాణం కట్టేసిన కంపెనీల తాలూకు అనాథ తీగలు చుట్టలు చుట్టలుగా వేలాడుతుంటాయి. కాకి కూడా వాలే ముందు ఒకసారి ఆలోచించుకుంటుంది.

ఉర్దూలో తార్ అంటే కంచె తీగే కాదు, వాద్యం మీది తంత్రి కూడా తారే. మూడు తార్లది కాబట్టి సితార్. టెలిగ్రామూ తారే, అది 2013 జులైలో ఆగిపోయింది కనుక లెక్కలోంచి తీసేద్దాం. మిగిలిన రెండిట్లో మొదటిది మాకు సమృద్ధిగా ఉంది. రెండోది లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లేకపోవడం వేరు, అక్కర్లేనంత ఎత్తుకు ఎదగడం వేరు.

కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళ ఆంధ్రనాయకుణ్ణి శతకం పొడుగునా నిందించి పొగిడాడు. నాకంత శక్తి లేదు, దేవుడితో అంత చనువూ లేదు. అందుకని మా పేటను, పక్కనున్న క్యాంపస్‌నూ తిన్నగా పొగుడుతాను.

ఇదంతా మా పక్కింటి అమ్మాయితో మొదలైంది. ఆ అమ్మాయి ఇఫ్లూలో జర్మన్ చదువుతోంది. 1958లో ఇంగ్లిష్ పంతుళ్లకు ఇంగ్లిష్ నేర్పడానికి పుట్టి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన చోటు అది. దాని పుణ్యాన మా పేటలో నిలబడి జపనీస్‌లోనో రష్యన్‌లోనో అరబిక్‌లోనో చాయ్ అడగొచ్చు. ఒకరోజు లిఫ్టులో ‘‘అంకుల్, మీకు మ్యూజిక్ ఇష్టం కదా, ఇది వినండి. ఇరవై నాలుగు నిమిషాలే’’ అని నా ఫోనుకు ఒక లింకు పంపింది.

ఫిలిప్ గ్లాస్ మూడో సింఫనీ. గ్లాస్ అమెరికావాడు. దీన్ని 1995 ఫిబ్రవరిలో జర్మనీలోని క్యూంజెల్సావ్ అనే చిన్న ఊళ్లో స్టుట్‌గార్ట్ ఛాంబర్ ఆర్కెస్ట్రా మొదటిసారి వాయించింది. నడిపించినవాడు డెన్నిస్ రసెల్ డేవీస్. సింఫనీ అనగానే మనకు బాకాలు, భేరీలు, చెమటోడుస్తూ కర్ర ఊపే మనిషి గుర్తుకొస్తారు. ఇందులో బాకా లేదు, భేరీ లేదు. ఉన్నదల్లా 19 మంది తంత్రీవాద్యకారులు. వయొలిన్లు, వయోలాలు, సెల్లోలు, డబుల్ బాస్‌లు. కమానుతో లాగడం, వేలితో మీటడం, ఇంతే విద్య. నాలుగు భాగాలు.

ఇందులో మన వాటా కూడా ఉంది. 1960ల మధ్యలో పారిస్‌లో చదువుకుంటున్న గ్లాస్, ‘చప్పాక్వా’ అనే సినిమాకు రవిశంకర్ చేస్తున్న సంగీతాన్ని అక్కడి వాద్యగాళ్ల కోసం పాశ్చాత్య లిపిలో రాసిపెట్టే పనికి కుదిరాడు. మాత్రల మధ్య గీత ఎక్కడ గీసినా తాళం దెబ్బతింటోంది. తబలా ముందు కూర్చున్న అల్లా రఖా, స్వరాలన్నీ సమానమేనయ్యా అని ఒకటికి పదిసార్లు చెబితే, చివరికి గీతలన్నీ చెరిపేశాడు. అప్పుడు కనబడిందట అసలు సంగతి: రెండేసి, మూడేసి మాత్రల చిన్న గుంపుల్ని పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఎంత పొడుగు సంగీతమైనా కట్టొచ్చని. మన మృదంగం మాస్టారు మొదటి నెలలోనే పిల్లల చేత తొడ మీద వేయించే పాఠం అది. అలా మన తాళం పారిస్ మీదుగా న్యూయార్క్ వెళ్లి, జర్మనీలో సింఫనీ వేషం కట్టి, ముప్పయ్యేళ్ల తర్వాత తార్నాకలో లిఫ్టు దిగింది. పరదేశం పోయి బాగుపడి తిరిగొచ్చిన బిడ్డకు స్వగ్రామం ఎలాంటి హారతి పట్టిందో చెప్పకపోతే మా మర్యాద లోకానికి తెలియదు.

మొదటి భాగాన్ని ఉస్మానియా క్యాంపస్‌లో విన్నాను. పొద్దున ఆరింటికి, ఆర్ట్స్ కాలేజీ ఎదుట. యూనివర్సిటీ 1918 నాటిది. ఈ భవనం తలుపులు తెరిచింది 1939 డిసెంబరులో. కట్టే ముందు ఇద్దరు నిపుణుల్ని దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి చేత గీయించారు. ఆ గులాబీ గ్రానైటు గోడ ముందు పొద్దున్నే నిలబడి దగ్గితే, దగ్గు కూడా పండితుడి దగ్గులా వినిపిస్తుంది. ఈ మెట్ల మీద గొంతెత్తితే ఏమవుతుందో 1969 చూసింది, 2009 చూసింది. చివరికి రాష్ట్రమే వచ్చింది. గొంతుకు అంత ఫలితం కనబడిన చోట, మాటే పలకని నాలుగు తీగలకు ఎవరు లొంగుతారు?

మొదటి భాగం నెమ్మదైనది. అడుగు వేసీ వేయనట్టు నడుస్తుంది. తర్వాత వచ్చే రెండు పెద్ద భాగాలకు అరుగు లాంటిది. దానికి క్యాంపస్ నడకరులు చేసిన సాయం మరువలేనిది. ముందు నడిచే ఆయన జేబులో సుప్రభాతం. వెనకాయన చేతిలో షేర్ల జోస్యం. చెట్ల కింద కూర్చున్న ఆయన లౌడ్‌స్పీకర్ పెట్టి డాలస్‌లో ఉన్న కొడుకుతో, ఇల్లు రిజిస్ట్రేషన్ సంగతి. వాళ్ల ఔదార్యం చూస్తే నాకు సిగ్గేసింది. తాము వింటున్నది పదిమందికీ పంచుతున్నారు. నేనొక్కణ్ణే చెవుల్లో బిరడాలు పెట్టుకుని, పంతొమ్మిది మంది కష్టాన్ని ఒంటరిగా మింగుతున్నాను.

అందుకే ఒక మిత్రుడు ఎదురైతే ఒక చెవి బిరడా తీసి ఇచ్చాను. ఆయన పెట్టుకుని ఇరవై సెకన్లు గౌరవంగా విన్నాడు.

‘‘మంచిగున్నది. ఇది దేంట్ల బ్యాక్‌గ్రౌండు?’’

‘‘దేంట్లోదీ కాదు.’’

‘‘మరి పాట ఎప్పుడు స్టార్ట్ అయితది?’’

‘‘పాట ఉండదు.’’

‘‘ఓహో’’ అని, బిరడాను టీషర్టుకు తుడిచి జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

ఈ సంభాషణను తేలిగ్గా తీసుకోకండి. అందులో ఒక పూర్తి సంగీతశాస్త్రం ఉంది. దాని ప్రకారం తంత్రి అనేది వెనక ఉండాల్సిన వస్తువు. ముందు ఎవరో ఒకరు చావాలి, లేదా విడిపోవాలి. తల్లి మంచం మీద కన్ను మూస్తే వయొలిన్లు లేస్తాయి. విమానాశ్రయంలో ప్రేమికురాలు వెనక్కి తిరిగితే మళ్లీ లేస్తాయి. ఎవరూ చావకుండా, ఎవరూ విడిపోకుండా పంతొమ్మిది మంది ఊరికే వాయిస్తున్నారంటే వినేవాడికి అనుమానం రావడం సహజం. డెబ్బై ఏళ్లలో మన సినిమా మన చెవికి ఇచ్చిన శిక్షణ ఇది. ఏ కళాశాలా ఇంత క్రమశిక్షణగా పాఠం చెప్పలేదు.

ఇంకో సంగతి. హబ్సిగూడ దాటి ఉప్పల్ రోడ్డు పడితే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, 1961 నాటిది. భూమి గుండె చప్పుడు వినడం వాళ్ల వృత్తి. ఎక్కడో సముద్రం అడుగున రాతిపలక కాస్త జరిగితే, వేల మైళ్ల దూరం నుంచి ఆ వణుకు పట్టుకునే పరికరాలు ఇలాంటి చోట్ల ఉంటాయి. అంత సున్నితంగా వినే సంస్థ కూతవేటులో ఉండగా, పక్కపక్కనే నిలబడి వణుకుతున్న పంతొమ్మిది కమాన్లను మా మిత్రుడి చెవి పట్టలేదంటే, తప్పు ఆయనది కాదు. పనులు పంచుకున్నాం. భూకంపాలు వాళ్లు వింటారు. మేము మిగతావి వినం.

రెండో భాగం గురించి ఎక్కువ చెప్పను. వేగంగా పరిగెత్తే భాగం. రెండ్లూ మూళ్లూ పెనవేసుకుని, అందరూ ఒకే వరస పట్టి, అంతలోనే విడిపోయి, చివర ముందు మాట లేకుండా ఒక కొత్త వరస మొదలవుతుంది. కింద వేళ్లతో మీటే చప్పుడు. దాన్ని తార్నాక చౌరస్తాలో, సిటీ బస్సు కిటికీ పక్కన కూర్చుని విన్నాను. హారన్లను సంగీతంతో పోల్చడం మా రచయితల పాత అలవాటు. నేను పోల్చను. హారన్ కొట్టేవాడికి చెప్పదలుచుకున్నది ఒకటుంటుంది. ఒక్క విశేషం మాత్రం రాయక తప్పదు. 2017 నవంబరు నుంచి మా నెత్తి మీద మెట్రో నడుస్తోంది. దానికి కరెంటు 25,000 వోల్టుల తీగలోంచి వస్తుంది. రైలు కప్పు మీద మడతల ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. అది ఆ తీగను కింద నుంచి ఒరుసుకుంటూ నాగోలు నుంచి రాయదుర్గం దాకా పోతుంది. తార్నాకలో తీగ మీద కమాను ఆడదని ఎవరన్నారు? ఇంత పొడుగు కమాను స్టుట్‌గార్ట్‌లో ఎవడి చేతిలోనూ చూడం.

మూడో భాగం ఈ సింఫనీకి గుండెకాయ. షకోన్ అంటారు దాన్ని. ఒకే స్వరాల నడక మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటుంది; తిరిగొచ్చినప్పుడల్లా దాని మీద కొత్త గొంతులు చేరతాయి. రామకోవెల భజనలో ఎవరో ఒకరు మొదలుపెట్టిన పల్లవిని ఒక్కో వరసా అందుకుంటుంటే చివరికి గుడి గుడంతా పాడుతుంటుంది చూడండి, అలా. మూడు సెల్లోలు, నాలుగు వయోలాలు, అంటే ఏడుగురితో మొదలవుతుంది. ఆఖరి ఆవృతికి పంతొమ్మిది మందీ ఉంటారు. వినేవాడి పని ఒక్కటే: ఎవరు ఎప్పుడు వచ్చారో గమనించుకోవడం. పెళ్లింటి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లను వచ్చినట్టు పలకరించే పెద్దమనిషి పని.

పెళ్లి మాట ఎందుకొచ్చిందంటే, ఆ భాగాన్ని నేను వినబోయింది పెళ్లి రిసెప్షన్‌లోనే. తెలిసినవాళ్ల అమ్మాయిది. ఫంక్షన్ హాలు పేరు అక్కర్లేదు. అన్నీ ఒకే హాలు. పెళ్లికూతురి తండ్రి నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని, ‘‘మీరు సంగీతం మనిషి కదా, మీ కోసమే ఆర్కెస్ట్రా పెట్టించాను’’ అన్నారు.

ఆర్కెస్ట్రా అనే మాటకు మా దగ్గర ఉన్న పొదుపైన అర్థం బయటివాళ్లకు తెలియదు. స్టేజీ మీద అయిదుగురున్నారు. ఇద్దరు పాడేవాళ్లు, ఒకరు మాటలు చెప్పే అమ్మాయి, ఒకరు ప్యాడ్ వాయించేవాడు, ఒక కీబోర్డు కుర్రాడు. గ్లాస్‌కు పంతొమ్మిది మంది కావలసి వచ్చింది. బీథోవెన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మాకు ఒక మీట చాలు. ఆ మీట పక్కన ‘స్ట్రింగ్స్’ అని రాసి ఉంటుంది. నొక్కితే వయొలిన్లు, వయోలాలు, సెల్లోలు, అన్నీ ఒక్క వేలి కింద లేస్తాయి. ఒకప్పుడు మద్రాసు స్టూడియోలలో ఒక పాట రికార్డింగుకు వయొలిన్ల వాళ్లు వరసలు తీరి కూర్చునేవారు. ఒక్కడు ఒక్క స్వరం తప్పితే అందరూ మొదటికి. ఎంత మానవశ్రమ వృథా! అందులో తెలుగు నేల నుంచి ఫిడేలు పెట్టె చంకన పెట్టుకుని రైలెక్కిన వాళ్లెందరో. ఆ శ్రమ నుంచి వాళ్లందరికీ మనం విముక్తి కలిగించాం. విముక్తులయ్యాక వాళ్లేం చేశారని అడగడం మర్యాద కాదు.

భోజనాల దగ్గర ఆ కుర్రాడు నా పక్కన కూర్చున్నాడు. చిన్నప్పుడు మా ఊళ్లో ఆరేళ్లు ఫిడేలు నేర్చుకున్నా సార్ అన్నాడు.

‘‘ఇప్పుడెక్కడుంది?’’

‘‘ఇంట్ల అటక మీద. కమాను వెంట్రుకలు పురుగు తిన్నయ్.’’

‘‘మరి దీంట్లో స్ట్రింగ్స్ ఎలా ఉంటాయి?’’

‘‘మస్తుగ ఉంటయ్ సార్. లోపల నలభై మంది ఉంటరు. బస్సు కిరాయి అడగరు, భోజనం అడగరు.’’ పప్పన్నం కలుపుతూ కాసేపు ఆగాడు. ‘‘కాకపోతే అందరు ఒక్కసారే మొదలువెడతరు, ఒక్కసారే ఆపుతరు. గదే కొంచెం...’’

ఆ కొంచెం ఏమిటో చెప్పకముందే స్టేజీ మీద నుంచి పిలుపొచ్చింది. పెళ్లికూతురి ఎంట్రీ.

ఇక్కడ మా పేట సాధించిన మరో ఘనత చెప్పాలి. వయొలిన్‌ను మేము పూర్తిగా వదిలేయలేదు. లైట్లు తగ్గాయి, పొగ లేచింది, ఆ పొగలోంచి తెల్ల గౌనులో ఒక అమ్మాయి వయొలిన్ భుజాన పెట్టుకుని నడిచొచ్చింది. వెనక పెళ్లికూతురు. డ్రోన్ వచ్చి ఇద్దరి నెత్తుల మీదా నిలబడింది. కమాను చక్కగా ఆడుతోంది. ఒకచోట పొగ గొంతులో పడి పాపం ఆ అమ్మాయికి దగ్గొచ్చి కమాను ఆగింది. పాట ఆగలేదు. దగ్గరికొచ్చినప్పుడు చూశాను: ఆ వయొలిన్‌కు వైరు లేదు, మైకు లేదు. తార్నాకలో తీగ తగలని వస్తువు నా ఎరుకలో అదొక్కటే. పాట పెన్‌డ్రైవ్‌లోంచి వస్తోంది. ఒకరి కోసం ఒకరు ఆగకుండా, ఒకరి తప్పు ఒకరికి అంటకుండా, మనిషి మనిషిగా, పాట పాటగా ఉండడం అద్వైతులకు కూడా సాధ్యపడలేదు.

నేను బయటికొచ్చి పార్కింగు మెట్ల మీద కూర్చుని మూడో భాగం పెట్టుకున్నాను. ఏడుగురు మొదలెట్టారు. ఒక చుట్టు తిరిగింది. ఎవరో వచ్చారు. ఇంకో చుట్టు. వయొలిన్ ఒకటి పైన, ఒంటరిగా, ఎవరినో వెతుకుతున్నట్టు. నేను వేళ్లు మడుస్తున్నాను. తొమ్మిది, పది, పదకొండు. అప్పుడు లోపల డీజే మొదలైంది. మెట్ల కింద నేల, నేల కింద భూమి అదిరాయి. ఉప్పల్ రోడ్డులో సూదులు కదిలే ఉంటాయి. పన్నెండో మనిషి వచ్చాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. తప్పు నాదే. ఒక్కొక్కరుగా వచ్చేవాళ్ల కోసం ఎదురుచూడడం తీరిక ఉన్నవాళ్ల అలవాటు. మా ఇళ్లల్లో అందరూ ఒక్కసారే వస్తారు, ఒక్కసారే తింటారు, ఒక్కసారే ఫొటో దిగుతారు.

ఇంత ప్రగతి ఒక్కరోజులో రాలేదు. 1919లో విజయనగరం రాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామినాయుడి వాయిద్యం విని, ఆయన్ను అధ్యాపకుడిగా చేర్చుకున్నారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఎవడో కుర్రాడు ఫిడేలు తీసి రెండు నిమిషాలు వాయిస్తే ఉద్యోగం ఇచ్చేయడం ఎంత ప్రమాదం! ఆ రోజుల్లో నోటిఫికేషన్ లేదు, రోస్టర్ లేదు, కోర్టులో స్టే లేదు. ఇప్పుడు ఆ లోపాలన్నీ సరిదిద్దాం. ఇప్పటి మన క్యాంపస్‌లలో అధ్యాపకుడిగా చేరదామని వెళ్లినవాడు జాగ్రత్తగా ఉంటే విద్యార్థిగానే తల నెరిపించుకోవచ్చు.

సింఫనీ అంటే మాకు పడదని మాత్రం అనకండి. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా తన ‘వాలియంట్’ సింఫనీని వినిపించినప్పుడు మా అపార్టుమెంటు గ్రూపులో ఆ వార్త తొమ్మిదిసార్లు వచ్చింది. తొమ్మిదిసార్లూ దండాలు, చప్పట్లు, జెండాలు. ఎలా ఉందని ఎవరూ ఎవరినీ అడగలేదు. గర్వపడ్డాక మళ్లీ వినడం ద్విపాత్రాభినయం. ఆయన 1986లోనే త్యాగరాజుకూ బాఖ్‌కూ అంకితమిచ్చి ‘హౌ టు నేమ్ ఇట్’ అని వయొలిన్ల మీద ఒక ఆల్బమ్ చేశారు. అది మనకు బాగా తెలుసు. టీవీలో చర్చలకు ముందు వచ్చే సంగీతంగా.

సొంత తీగ మాటకొస్తే, మాకు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది. వెదురు, సొరకాయ బుర్రలు, తీగలు. స్టుట్‌గార్ట్‌లో లేనిది, న్యూయార్క్‌లో లేనిది. దాన్ని వాయించే దర్శనం మొగులయ్యను సినిమా వాళ్లు పిలిచి ‘భీమ్లా నాయక్’ పాటలో వినిపించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చాం. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం పనికి కూలికి వెళ్తున్న వీడియోను ఫోన్లలో తిప్పుకుని, అయ్యో అని కూడా అన్నాం. ఇంకేం చేయాలి? ఇక్కడ ఒక పోలిక నాకు నచ్చింది. గ్లాస్ కూడా నలభై దాటేదాకా న్యూయార్క్‌లో టాక్సీ నడిపాడు, ప్లంబింగు పనులు చేశాడు. వాళ్లు టాక్సీ తోలేవాణ్ణి సింఫనీ దాకా నడిపించారు. మేము పని త్వరగా ముగిస్తాం: పురస్కారం ముందు ఇచ్చి, కూలి తర్వాత చూపిస్తాం.

నాలుగో భాగం చిన్నది. రెండో భాగం చివర వచ్చిన వరసతో మొదలై, ఆ పాత పరుగును మళ్లీ అందుకుని, కొత్త వరస ఒకదానితో ముగుస్తుందని రాశారు. రాశారు అని ఎందుకంటున్నానంటే, నేను వినలేదు. ఇంట్లో కూర్చుని, తలుపులు వేసుకుని, మా ఆవిడను కూడా పక్కన కూర్చోబెట్టుకుని మీట నొక్కాను. తెర మీద గుండ్రం ఒకటి తిరగడం మొదలెట్టింది. అది కూడా షకోన్ లాంటిదే, ఎంతసేపైనా తిరుగుతుంది. మా ఆవిడ అయిదు నిమిషాలు చూసి, ‘‘మంచిగుంది, పంతొమ్మిది మంది ఎప్పుడొస్తారు?’’ అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు కేబుల్ అబ్బాయి వచ్చాడు. స్తంభానికి నిచ్చెన వేసి, ఆ చుట్టల్లోకి తల దూర్చి కేకేశాడు.

‘‘సార్, మీది ఏ కేబుల్?’’

‘‘నల్లది.’’

‘‘అన్ని నల్లయే ఉన్నయ్ సార్.’’

కాసేపు ఆలోచించి ఉపాయం చెప్పాడు. ‘‘మీరు బాల్కనీల నిలబడుండ్రి. నేను ఒక్కొక్కటి గుంజుత. మీది కదిలితే చెప్పుండ్రి.’’

నేను వెళ్లి, కిటికీ పక్కనుంచి లోపలికొచ్చే తీగ మీద రెండు వేళ్లు ఆనించి నిలబడ్డాను. అతను ఒకటి లాగాడు. ఎదురింటి మేడ మీద బట్టలారేసిన చోట ఏదో ఊగింది. ఇంకొకటి లాగాడు. అది ఎటూ పోలేదు, చివర తెగిపోయి ఉన్నట్టుంది. మూడోది లాగితే రెండో అంతస్తులో పెద్దాయన టీవీ మూగబోయి, తిట్టు ఒకటి వినబడింది. నేను ఊపిరి బిగబట్టాను. నాలుగోది. సన్నగా, నా వేళ్లకు చాలా దగ్గరగా ఏదో వణికింది.

‘‘ఇదేనా సార్?’’

‘‘ఆగు’’ అన్నాను. ‘‘ఇది పక్కింటి అమ్మాయిది. నాది ఇంకా రాలేదు.’’